హాస్టల్లో ఐదిండ్ల ఫకీరు

రాయచూరులో డిగ్రీ చదవడానికి లేడీస్ హాస్టల్లో చేరిన ఆ రోజుల్లో మాకు చాలా మారిపోయాయి. జడలు మారాయి, చెప్పులు మారాయి, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు వాడే గొంతు మారింది. వాటితోపాటు, ఎవరం ఎవరికీ చెప్పుకోకుండానే, దేవుళ్ళూ మారిపోయారు. నా గదిలో ఉండే క్యాంపు పిల్ల (మాన్వి దగ్గర కాలువ కింద కోస్తా నుంచి వచ్చి వరి పండించే రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు) ఇంట్లో ఉన్నప్పుడు దీపం కూడా వాళ్ళమ్మ చేతనే పెట్టించేదట. హాస్టల్‌కు వచ్చి, మొదటి ఇంటర్నల్ పరీక్షలో మార్కులు చూసుకున్నాక, సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, శనివారం వెంకన్నకు ఉపవాసాలు మొదలుపెట్టి, ఆ లోటంతా ఆదివారం నా టిఫిన్ డబ్బాతో తీర్చుకునేది. కింది గదిలో ఉండే మల్లట్ ఊరి కన్నడ పిల్ల, లింగపూజ కానిదే మంచినీళ్ళు ముట్టని ఇంటి బిడ్డ. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఆమె లెక్కలో కోడిగుడ్డు కూరగాయల్లో చేరిపోయింది. ఆ పక్క గదిలో మా దోస్తు ఉండేది. ముస్లిం పిల్ల, నాలాగే పల్లెటూరిది. చిన్నప్పుడు అన్ని జాతర్లలోనూ బత్తాసులు తిన్న మనిషి, కాలేజీకి వచ్చాక ఐదు పూటలా నమాజు పట్టి, పుస్తకాలు చదివి, దర్గాలూ పీర్లూ అసలు మతంలోనే లేవని తేల్చేసింది. నేను ఈ తిప్పలన్నీ పడలేక దేవుణ్ణే తీసేశాను.

తీసేయడమంటే ఊరికే తీసేయలేదు. పద్ధతిగా, నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీసి తీసేశాను. పైఅంతస్తులో చివరి సంవత్సరం చదివే ఒక అక్క ఉండేది. ఆమెను అందరం లీడరక్క అనేవాళ్ళం. ఊళ్ళో ఎట్లా మాట్లాడేదో తెలీదు గానీ హాస్టల్లో మాత్రం అచ్చు పుస్తకంలా మాట్లాడేది. ఆమె నడిపే విచార వేదికకు ఆమె కార్యదర్శి, నేను ఉపకార్యదర్శిని, మిగతా నలుగురూ సభ్యులు. (ఆ నలుగురిలో ఇద్దరు మీటింగుల్లో ఇచ్చే టీ కోసం వచ్చేవాళ్ళని నా అనుమానం.) ఆ పదవి వచ్చిన దగ్గర్నుంచి నేను చాలా గట్టిదాన్నయ్యాను. ఒక్క చెయ్యే మాట వినేది కాదు. సిటీ బస్సు గుడి ముందు నుంచి పోతుంటే అది తనంతట తాను సగం దాకా లేచేది. నాకు జ్ఞాపకం వచ్చి, దాన్ని అటే పైకి తీసుకెళ్ళి జుట్టు సవరించుకునేదాన్ని. ఆ ఏడాదంతా నా జుట్టు ఎంతో నీటుగా ఉండేది.

ఇంత గట్టిదానికి ఒకే ఒక్క చిక్కు ఉండేది. నేను ఫకీరును. యరగేర పక్క మా పల్లెలో పీర్ల పండుగ అందరిదీ. పీర్లను ఎత్తేవాళ్ళలో సగం మంది మావాళ్ళే. పిల్లలు నిలవని ఇళ్ళల్లో, బిడ్డ బతికితే ఫకీరును చేస్తామని పీరుకు మొక్కుకుంటారు. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. నేనూ పుట్టిన నెలకే నీలుక్కుపోతే, మా అవ్వ (నాన్నను కన్నది) నన్ను చీరకొంగులో చుట్టుకుని పీర్ల సావిడికి తీసుకుపోయి, పీరు ముందు నేల మీద పడుకోబెట్టి, బతికిస్తే ఏటేటా ఫకీరును చేసి నీ దగ్గరికి తెస్తానని మొక్కిందట. నేను బతికాను. అప్పటి నుంచి ఏటా పండుగలో మెడకు ఎర్రదారం వేసుకుని, భుజాన జోలె తగిలించుకుని, చెప్పుల్లేకుండా ఐదిళ్ళు అడుక్కోవాలి. వచ్చిన పిండీ గింజా ఇంటికి తెచ్చి, రొట్టెలు చేసి, నలిపి, బెల్లం కలిపి మలీద చేసి పీరు ముందు పెట్టాలి. దీనికి మా ఇంట్లో రెండు షరతులున్నాయి. సొంత ఇల్లు లెక్కలోకి రాదు. ఐదిళ్ళల్లో ఎవరైనా మధ్యలో లేదన్నారో, అప్పటిదాకా అడిగినవన్నీ రద్దయి మళ్ళీ మొదటి నుంచి ఐదిళ్ళూ తిరగాలి. ఊళ్ళో ఫకీరుకు లేదన్నవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ రెండో షరతు ఎట్లా ఉంటుందో మేమెప్పుడూ చూడలేదు.

ఆ ఏడాది పీర్లను కూర్చోబెట్టిన రోజు అవ్వ ఫోన్ చేసింది. (నంబర్లు మా తమ్ముడు నొక్కి ఇస్తాడు, ఆమె అరుస్తుంది.)

"ఏమే ఫకీరి, ఎప్పుడొస్తున్నవ్?"

"రాను అవ్వా."

"ఏంది, పానం బాగలేదా?"

"పానం మంచిగనే ఉంది. నాకు నమ్మకం లేదు."

అవ్వ, చిన్నపిల్లకు చెప్పినట్టు, "నమ్మకం నీకెందుకే? మొక్కింది నేను గద," అంది.

దీనికి లీడరక్క ఇచ్చిన పుస్తకాల్లో ఎక్కడా జవాబు లేదు. నేను గొంతు గట్టి చేసుకుని, "ఈ సారి అడుక్కోను. ఎన్నటికీ అడుక్కోను. తొమ్మిదో దినం మాకు సభ ఉంది, నేను మాట్లాడాలె," అని ఫోన్ పెట్టేశాను. సభ నిజంగానే ఉంది. మర్నాడు మొహర్రం సెలవు కావడంతో హాస్టల్ సగానికి పైగా ఖాళీ అవుతుందని తెలిసి కూడా లీడరక్క అదే రోజు పెట్టింది. "మూఢనమ్మకాల మీద సభ పండుగ రోజునే జరగాలి. అందులో ఒక సందేశం ఉంది," అన్నది. నా అంశం "మొక్కులు: ఒక విమర్శ". పదకొండు పేజీలు రాశాను. యుద్ధం గెలిచాననే అనుకున్నాను.

తొమ్మిదో రోజు ఉదయం తొమ్మిదింటికి క్యాంపు పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, "ఏమేవ్, మీ మామ్మగారొచ్చారే! గేటు దగ్గర వాచ్‌మన్‌కి నీ చిన్నప్పటి సంగతులన్నీ చెబుతున్నారు!" అంది. నేను కిందికి దూకినంత పని చేసి దిగాను. అవ్వ మొదటి బస్సుకు వచ్చింది. చంకలో జోలె, చేతిలో ఎర్రదారం చుట్టిన కాగితం పొట్లం, మోకాళ్ళకు నూనె వాసన. ఆమెను గబగబా గదిలోకి తెచ్చి తలుపు వేశాను. క్యాంపు పిల్ల, "రండి మామ్మగారూ, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి," అని మర్యాదలు మొదలుపెట్టింది. అవ్వకు ఆ పిల్ల మాట భలే నచ్చింది. "చూడు, ఎంత ముద్దుగ మాట్లాడుతదో. నువ్వు ఉన్నవ్, వచ్చి గంటైతుంది, నీళ్ళు తాగుతవా అనలే," అని నన్ను అంది. (వచ్చి పది నిమిషాలు కాలేదు.)

"అవ్వా, నేను ఫోన్ల చెప్పిన గదా."

"చెప్పినవ్. ఊరికి రానంటివి. ఇగో, నేనే వచ్చిన. ఇక్కడ గదులున్నయ్ గద, ఐదు గడపలు అడుగు. సాయంత్రం బస్సుకు నేను పట్టుకపోత. రేపటికి మలీద అయితే సాలు."

"ఇది హాస్టలే! ఇండ్లు కావు!"

"తలుపున్నది, లోపల మనుషులున్నరు. ఇంక ఇల్లంటే ఏముంటది?"

నేను నిలబడి, సభలో చెప్పాల్సిన పదకొండు పేజీల్లో నాలుగు పేజీలు ఆమెకు అక్కడే చెప్పేశాను. బిడ్డలు పోవడానికి జబ్బులు కారణమని, నేను బతకడానికి పట్నం డాక్టరు వేసిన సూది కారణమని, పీరుకు నాకు ఏ సంబంధమూ లేదని చెప్పాను. అవ్వ అడ్డు రాకుండా విన్నది. అంతా అయ్యాక మెల్లగా అంది: "సూది యాదికున్నది నాకు. సూది వేయించింది నేనే. డాక్టరు, తెల్లారెదాక సూద్దాం, నమ్మకం లేదు అన్నడు. తెల్లారెదాక నేనేం చెయ్యాలె మరి? గప్పుడు ఊరికి తెచ్చి సావిడిల మొక్కిన. ఇయ్యాల నువ్వు మొక్కు తప్పినవంటె ఏమైతదో నాకు తెల్వదు. ఏం కాకపోవచ్చు. కానీ ఏడాదంత నీ ఫోను మోగినప్పుడల్ల నా గుండె కొట్టుకుంటది."

అప్పుడైనా దారం మెడలో వేసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నేను ఉపకార్యదర్శిని. మెత్తబడ్డానని నాకే అనుమానం వచ్చి, అందుకే ఇంకా బిగుసుకుపోయి, "నేను అడుక్కోను. అంతే," అన్నాను. అవ్వ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. లేచి, ఎర్రదారం తన మెడలోనే వేసుకుని, జోలె భుజానికి తగిలించుకుంది. "సరె. నువ్వు అడుక్కోకుంటె నీ పేరు మీద నేను అడుగుత. అమ్మా క్యాంపు బిడ్డా, జర గదులు సూపియ్యి," అని బయటికి నడిచింది. క్యాంపు పిల్ల నా వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, చున్నీ సరిచేసుకుని అవ్వ వెంట వెళ్ళిపోయింది. ఆ పిల్లకు అన్ని దేవుళ్ళతోనూ పని ఉంది మరి, ఏ ఒక్కరినీ కోపం తెచ్చుకోనివ్వదు.

నేను మంచం మీద కూర్చుని ఉపన్యాసం చదువుకుంటున్నట్టు నటించాను. చెవులు మాత్రం వరండాలోనే ఉన్నాయి. ఆ రోజు హాస్టల్లో మా గది కాకుండా సరిగ్గా ఐదు తలుపులకే తాళం లేదు: మల్లట్ పిల్లది, దోస్తుది, వార్డెన్ మేడంది, వంటిల్లు, పైన లీడరక్కది. మిగతావన్నిటికీ తాళాలు. మల్లట్ పిల్ల తలుపు తీసి, "అజ్జీ, ధాన్యం ఇల్ల, ఇదే ఉంది," అని రెండు నూడుల్స్ పొట్లాలు వేసింది. "ఇది ఏం గింజనే?" అని అవ్వ అడగడం, క్యాంపు పిల్ల "గోధుమలే మామ్మగారూ, కొంచెం పొడుగ్గా ఉంటాయి" అని చెప్పడం వినిపించింది. తర్వాత దోస్తు గది. అక్కడ గొడవవుతుందని నాకు తెలుసు. నా మతం ఒకటి, ఆమె మతం ఒకటి అయినా పీర్ల విషయంలో మేమిద్దరం ఒకే పార్టీ.

"నానీ, బురా మానొద్దు, ఏమనుకోకండి. నేను పీరుకు ఇయ్యను. అది మా దాంట్ల తప్పు," అంది దోస్తు.

"పీరుకు ఎవరు ఇయ్యమన్నరు బేటీ? నాకు ఇయ్యి. పీరుకు నేనిచ్చుకుంట."

దోస్తు కొంచెం సేపు ఆలోచించింది. (ఆ అమ్మాయి ఏ పనీ ఆలోచించకుండా చేయదు, ఇప్పుడు వకీలు.) "మీకైతే ఎంతైనా ఇస్త," అని అరపొట్లం బిస్కెట్లు, గుప్పెడు ఖర్జూరాలు వేసింది. వార్డెన్ మేడం తలుపు తీయగానే కంగారుపడి, నిబంధనల బోర్డు దగ్గరికి వెళ్ళి ఆరు నిబంధనలూ చదివి, అడుక్కోవడం నిషేధమని వాటిలో ఎక్కడా లేకపోవడంతో, గిద్దెడు బియ్యం ఇచ్చింది. (మరుసటి వారం ఏడో నిబంధన రాయించింది.) వంటక్క అయితే అవ్వ కాళ్ళకు మొక్కి మరీ జొన్నపిండి పోసింది. నాలుగు గడపలయ్యాయి. ఇక అవ్వ మెట్లెక్కే చప్పుడు వినిపించింది: ఒక మెట్టు, ఒక మూలుగు, ఒక మెట్టు, ఒక మూలుగు.

పైన లీడరక్క ఉపన్యాసం మొదలైంది. పది నిమిషాలు సాగింది. శ్రమశక్తి గురించి, శాస్త్రీయ దృక్పథం గురించి, పేదల అజ్ఞానాన్ని ఆసరా చేసుకునే శక్తుల గురించి చెప్పింది. చివరికి అవ్వ, "అయిందా బిడ్డా? మస్తు చెప్పినవ్. ఇగ ఏమన్న ఉంటె జోలెల వెయ్యి," అంది.

"లేదు," అంది లీడరక్క. "ఇది నా సిద్ధాంతం."

ఆ మాటతో నాలుగు గడపలూ రద్దయిపోయాయి. క్యాంపు పిల్ల, "అయ్యో మామ్మగారూ, పోనీ ఇంకెక్కడైనా..." అంటోంది. ఇంకెక్కడుంది, అన్నీ తాళాలే. వీధిలోకి పోదామంటే అవ్వ ఒప్పుకోలేదు, ఒకచోట మొదలుపెట్టింది ఇంకోచోట ముగించకూడదట. "ఏం కాదు, మళ్ళ మొదటి నుంచి అడుగుదాం," అంది. మళ్ళీ ఆ మూలుగు, ఈసారి మెట్లు దిగుతూ. మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఎంతసేపటికీ నాలుగో మెట్టు చప్పుడు రాలేదు.

నేను కాగితాలు పక్కన పడేసి బయటికి వచ్చాను. అవ్వ మెట్ల మీద గోడ పట్టుకుని కూర్చుని, చీర మీదుగా మోకాళ్ళు పిసుక్కుంటోంది. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీదో నాకే తెలీలేదు. వెళ్ళి ఆమె మెడలోంచి దారం తీసి నా మెడలో వేసుకున్నాను, జోలె లాక్కున్నాను. "నమ్మి కాదు, చెప్తున్న. నీ మోకాళ్ళ కోసం," అన్నాను. "దేని కోసమైతేంది, అడుగు," అంది అవ్వ, లోపల్లోపల నవ్వుకుంటూ.

రెండో విడత నేను తిరిగాను. ఒక హేతువాది అడుక్కుంటే ఎట్లా ఉంటుందో ఆ రోజు మా హాస్టల్ చూసింది. చేయి చాపకుండా జోలె నోరు మాత్రం తెరిచి, మొహం అటు తిప్పుకుని, పన్ను వసూలు చేసినట్టు అడిగాను. మల్లట్ పిల్ల దగ్గర నూడుల్స్ అయిపోయి శేంగల (వేరుశెనగల) కారప్పొడి వేసింది. దోస్తు నా మెడలో దారం చూసి, "తూ బీ? నువ్వు కూడానా?" అని నోరు తెరిచి, చక్కెర పోసింది. పైకి వెళ్ళేసరికి లీడరక్క నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపు నేను జన్మలో మరచిపోను.

"ఉపకార్యదర్శీ!" అంది.

"ఫకీరొచ్చింది అక్కా," అన్నాను.

"లేదు," అని తలుపు వేసేసింది.

ఇక్కడ నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. నాకు నమ్మకం లేదు గానీ పంతం బాగా ఉంది. మా ఇంటి ఆడవాళ్ళందరికీ అది పుష్కలంగా ఉంది, బహుశా దాంతోనే బతికి ఉంటాను. తలుపు మొహం మీద వేయగానే, అప్పటిదాకా అవ్వ పని అనుకున్నది నా పనైపోయింది. ఈ ఐదో గడప ఇచ్చేదాకా హాస్టల్ దాటేది లేదనుకున్నాను. అవ్వ, "పోనియ్యే, ఊరికి పోయి ఎవరినన్న అడుగుత, నువ్వు కూర్సో," అంటున్నా వినలేదు. కొంగు బిగించినట్టు చున్నీ నడుముకు కట్టి మూడో విడత మొదలుపెట్టాను. మల్లట్ పిల్ల దగ్గర ఇక ఉడకబెట్టిన కోడిగుడ్డు తప్ప ఏమీ మిగల్లేదు. ఫకీరుకు గుడ్డు పనికిరాదని అవ్వ అంటే, "అజ్జీ, ఇది వెజ్," అని ఆ పిల్ల వాదించింది. చివరికి ఎక్కడో అడుగున ఒక వేరుశెనగ చిక్కీ దొరికి గండం గడిచింది. దోస్తు ఈసారి ఏమీ అడక్కుండా మళ్ళీ ఖర్జూరాలు వేసి, నా వెనకాలే నడిచింది. వంటక్క, వార్డెన్ మేడం, క్యాంపు పిల్ల, అందరూ నడిచారు. లీడరక్క తలుపు తీసేసరికి హాస్టల్లో ఉన్న జనమంతా ఆమె గుమ్మం ముందున్నారు. ఆ సాయంత్రం సభకు వచ్చిన జనం కంటే ఎక్కువే.

"అక్కా," అన్నాను, "మన వేదికకు చందా అడగడానికి బస్టాండులో జోలె పట్టుకుని నిలబడ్డాం మనం. ఒక్కరు కూడా మన సిద్ధాంతం నమ్మలేదు. అందరూ ఇచ్చారు. నువ్వొక్క గుప్పెడు..."

"లేదు. మూడోసారీ అదే మాట. లేదు, లేదు, లేదు," అంది లీడరక్క. నాకంటే ఆమె ఏమీ తక్కువ మొండిది కాదు.

అవ్వ అందరినీ తప్పించుకుని ముందుకు వచ్చింది. లీడరక్క మొహంలోకి కాకుండా ఆమె భుజం మీదుగా గదిలోకి చూసింది. మంచం, మంచం నిండా పుస్తకాలు, నేల మీద చించిన కాగితాలు, ఖాళీ నీళ్ళ సీసా. "బిడ్డా, పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా?" అని అడిగింది. అధ్యక్షోపన్యాసం రాస్తూ లీడరక్క నిన్న రాత్రి కూడా మెస్‌కు రాలేదని వంటక్క వెనక నుంచి చెప్పింది. అవ్వ నా వైపు తిరిగి, "పిల్ల అబద్ధం చెప్పలేదే. దాని ఇంట్ల లేదు. లేదంటె లేదని చెప్పింది. మనం లేనోళ్ళను మూడుసార్లు సతాయిస్తున్నం," అని, నా భుజాన ఉన్న జోలెలో చేయి పెట్టి, బిస్కెట్లు, ఖర్జూరాలు, చిక్కీ దోసిలి నిండా తీసి లీడరక్క చేతుల్లో పోసింది. "తిను. తిన్నంక మీటింగుల గట్టిగ మాట్లాడు," అంది. లీడరక్క ఏదో అనబోయింది గానీ అప్పటికే నోట్లో ఖర్జూరం ఉంది. కళ్ళు మాత్రం నిండాయి. ఆమె ఊరు, ఆమె ఇల్లు, ఆమెకు అవ్వ ఉందో లేదో, మాలో ఎవరమూ అప్పటిదాకా అడగలేదు.

"పా, ఐదో గడప అయింది," అని అవ్వ వెనక్కి తిరిగింది.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "అవ్వా, అట్లెట్ల అయితది? ఆమె ఇయ్యలేదు! నువ్వే ఇచ్చినవ్! రూలు ప్రకారం మళ్ళా మొదటి నుంచి రావాలె!" అని అరిచాను. వరండాలో అందరూ నా వైపే చూశారు. దోస్తు మొదట నవ్వింది, తర్వాత మల్లట్ పిల్ల, తర్వాత వార్డెన్ మేడం కూడా. దేవుణ్ణి రెండు గీతలు గీసి కొట్టేసిన మనిషిని, మెడలో ఎర్రదారంతో నిలబడి మొక్కు రూలు తప్పుతోందని కొట్లాడుతున్నాను. అవ్వ నా నెత్తి మీద ఒకటి మొట్టి, "పీరు నీలెక్క ఉంటడానె, కాయిదం పట్టుకోని? ఇచ్చుడైంది, తీసుకునుడైంది. ఆయనకు గంతే కావాలె," అంది.

సాయంత్రం నాలుగింటికి సభ జరిగింది. లీడరక్క నా పేరు తీసేస్తుందనుకున్నాను, తీసేయలేదు. నేను వేదిక ఎక్కి "మొక్కులు: ఒక విమర్శ" పదకొండు పేజీలూ గడగడా చదివాను. మెడలో దారం తీయడం మరచిపోయానని ఏడో పేజీలో, మైకు దగ్గరికి వంగినప్పుడు అది మైకుకు తగిలి తెలిసింది. తీసేస్తే ఇంకా బాగా కనిపిస్తుందని అలాగే ఉంచి చదివేశాను. శ్రోతలు ఐదుగురు. ముందు వరుసలో జోలె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అవ్వ, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. దిగి రాగానే, "మస్తు చెప్పినవ్. అన్నీ నిజమే. ఎంత మొక్కినా పోయేటోళ్ళు పోతనే ఉంటరు, మీ అక్క పాయె, మీ అన్న పాయె," అంది. నా వాదన అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషి ఇంకెవరూ నాకు తగల్లేదు.

బస్టాండుకు నేనే తీసుకువెళ్ళాను. యరగేర బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. (మరునాడు పీరు ముందు పెట్టిన మలీదలో నూడుల్స్ చూసి సావిడి పెద్దాయన ఇదేందని అడిగితే, "కాలేజి మలీద" అని చెప్పిందట. పిల్లలు ఎగబడి తిన్నారట.) బస్సు కదిలేలోపు ఒక్క మాట తేల్చుకోవాలని కిటికీ దగ్గర నిలబడి, "అవ్వా, ఇంకెన్నేండ్లు ఇది?" అని అడిగాను. పరీక్షలు ఎప్పుడు అయిపోతాయని అడిగినట్టే అడిగాను.

"నేనున్నన్ని దినాలు. మొక్కింది నేను గద. నేను పోయిన్నాడు నీకు విడుపు," అంది అవ్వ, టికెట్టు కొంగులో ముడి వేసుకుంటూ. "గందాక జర ఓర్సుకో."

బస్సు వెళ్ళిపోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు నాకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఒక గడువంటూ ఉంది కదా, అనుకున్నాను. ఆ గడువు దేనితో తీరుతుందో వినబడి కూడా, బస్టాండు బయట మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తింటూ హాస్టల్‌కు నడిచాను. పంతొమ్మిదేళ్ళకు అంతే చెవులుంటాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ ఫోన్లో కొట్లాడాను, ప్రతి ఏడూ వెళ్ళి ఐదిళ్ళూ అడిగాను. ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా అదే వరస.

నాకు విడుపు దొరికి ఇప్పటికి మూడేళ్ళయింది. ఇప్పుడు మాన్విలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఇక రాదు కూడా. విడుపు దొరికిన మొదటి ఏడాది, పండుగ తొమ్మిదో రోజున, స్వేచ్ఛగా ఉన్న మనిషిలాగా పొద్దున్నే లేచి టీ తాగాను. ఎప్పుడొస్తున్నవని ఎవరూ ఫోన్ చేయలేదు. మధ్యాహ్నం దాకా ఫోన్ పక్కనే పెట్టుకుని పేపర్లు దిద్దాను. తర్వాత లేచి బట్టల బీరువాలో పాత సంచి ఒకటి వెతికి తీసి, వీధిలో ఐదిళ్ళు అడగడానికి బయలుదేరాను. మా ఆయన ఎక్కడికి అనలేదు, చెప్పులు మాత్రం వేసుకోలేదని గుర్తు చేశాడు, తెలుసన్నాను. మూడో ఇంటి పెద్దావిడ చేటలో జొన్నలు తెచ్చి, పోయబోతూ ఆగి, "ఇంత చదువుకున్నదానివి, ఎవరి మొక్కమ్మా ఇది?" అని అడిగింది.

"నాదే," అన్నాను. పదకొండు పేజీలు చదివిన ఆ పిల్ల గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. సంచి రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాను.